కంటితో కారం చూసిన మనిషి

నారాయణగూడ మార్కెట్ పక్క కిరాణా కొట్టులో మిరియాలు కొందామని నిలబడ్డాను. కొట్టు సేటు పొట్లం కట్టబోయినవాడల్లా ఆగి, పై అరలోంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దించాడు. మూత మీద దుమ్మును తుండుతో తుడిచి నా ముందు పెట్టాడు.

"ఇవి తీస్కపోండ్రమ్మా. ఒకాయన కోసమని దాచిపెట్టిన. ఇంక ఆయన రాడు."

"ఎవరాయన?"

"మీకు తెల్వదా? తద్దినాల వంటాయన. అశోక్‌నగర్ ముసలాయన. పోయి పదిహేను దినాలాయె."

సేటు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. "మస్తు పరేషాన్ చేస్తుండె నన్ను. గ్లాసెడు నీళ్ళు తెప్పిచ్చి, అండ్ల మిరియాలు ఏసి చూస్తుండె. తేలితే బొప్పాయి గింజలని లొల్లి పెడుతుండె. ఆయన నోటికి భయపడి మంచి సరుకు ఈ డబ్బాల విడిగ పెట్టేటోణ్ణి. ఇంక ఎవరికి అమ్మాలె ఇది?"

ఆ డబ్బాను కొంగు కింద పెట్టుకుని, చంటిపిల్లను తెచ్చినట్టు చిక్కడపల్లిలోని మా ఇంటిదాకా తెచ్చాను. మా అత్తగారికి సంగతి చెప్పాను. ఆవిడ మూత తీసి ఒక్క మిరియం నోట్లో వేసుకుని, కొరక్కుండా అట్టే పెట్టుకుని కూర్చుంది.

ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగాలని తోచలేదు. తద్దినం వస్తే "వంటాయనకు కబురు పెట్టండి" అనేవాళ్ళం, అంతే. మనిషి పొట్టి. బట్టతల. నడక మాత్రం రైలు అందుకోబోయేవాడి నడక. ఆటో ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఉద్యమం రోజుల్లో బందులు పెట్టి బస్సులు ఆగిపోయినప్పుడు కూడా చంకలో గుడ్డసంచి పెట్టుకుని పొద్దున్నే గేటు దగ్గర తయారు. "బంద్ బస్సులకమ్మా, తిథికి బంద్ ఉంటదా?" అనేవాడు.

ఆయన పద్ధతులు ఆయనకుండేవి. తద్దినానికి ముందురోజు సాయంత్రం ఒకసారి వచ్చేవాడు. కూరలు చూడటానికని మేం అనుకునేవాళ్ళం. కూరలు ఆఖరున చూసేవాడు. ముందు పోయినవాళ్ళ ఫోటో ఎక్కడుందో అడిగి, దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడేవాడు. తర్వాత ఇంటివాళ్ళ వైపు తిరిగి ఒకటే ప్రశ్న.

"ఏమిష్టముండె ఈయనకు తినేందుకు?"

కొన్ని ఇళ్ళల్లో కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళట. ఒకాయన ఫోను చూసుకుంటూ "అన్నీ తినేవాడు" అన్నాడట. "అన్నీ తినెటోడు ఎవ్వడు లేడు బిడ్డా. ఫోన్ బంద్ పెట్టి, జర యాది చేస్కో" అని అక్కడే కూర్చున్నాడట, ఆ కొడుకు యాది చేసుకునేదాకా. ఇవన్నీ ఆయనే చెప్పేవాడు, కూరలు తరుగుతూ. "కొందరింట్ల ఎవ్వరికి కండ్ల నీళ్ళు రావమ్మా. ఏం ఫికర్ లేదు. భోజనాల వేళకు నా మిరియం తెప్పిస్తది" అని తనే నవ్వేవాడు.

తద్దినం వంట చేసినవాళ్ళకు తెలుస్తుంది ఆ వంటలోని కష్టం. అందులో మిరపకాయ వెయ్యకూడదు. ఇంగ్లీషు కూరలు కూడదు. అన్నిటికీ మిరియమే దిక్కు. దానికి తోడు, పితరులకు వడ్డించేదాకా వండినదాన్ని రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. మరి కారం సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? మా అమ్మావాళ్ళూ, నేనూ, అందరం చేతి అలవాటు మీద వేసేసి దండం పెట్టుకునేవాళ్ళం. ఆయన అట్లా కాదు. దంచిన మిరియాల రోలు మీదికి వంగి, ఎడమకన్ను పెద్దగా తెరిచి అక్కడ పెట్టేవాడు. ఊపిరి బిగబట్టేవాడు. కన్ను తడిస్తే సరిపోయినట్టు. తడవకపోతే ఇంకో నాలుగు గింజలు. కూర మీద కూడా అంతే, ఆవిరిలో కన్ను పెట్టి చూసేవాడు.

"నాలికెకు మనాయి ఉన్నది. ముక్కుకు మనాయి ఉన్నది. కంటికెవ్వరూ మనాయి చెయ్యలే," అనేవాడు. మనాయి అంటే కూడదని.

అట్లా ఎన్ని ఏళ్ళు చూశాడో కాని, ఆ కన్ను ఎప్పుడూ కొంచెం ఎర్రగానే ఉండేది.

మా మామగారు పోయిన ఏడాదికి చేసిన సంవత్సరీకానికే ఆయన్ను మొదటిసారి చూశాను. రెండువేల పదిలో సంగతి. అంతకు ముందు మా అత్తగారి సంగతి ఒక్క మాట చెప్పాలి.

మా మామగారిది గుంటూరు వైపు. ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఊరు మారినా నాలుక మారలేదు. పెరుగన్నంలో కూడా ఆయనకు కొరివికారం నంజుకోవడానికి ఉండాలి. చివర్లో కడుపులో పుండు పడితే డాక్టర్లు కారం పూర్తిగా ఆపేయమన్నారు. ఆసుపత్రిలో నెల రోజులు జావలూ చప్పిడి మెతుకులూ తిన్నారు. ఆ చివరిరోజు పొద్దున్న మా అత్తగారి చెయ్యి పట్టుకుని, "ఒక్క ముద్ద కారమన్నం పెట్టవే, నోరు చచ్చిపోయింది" అన్నారు. ఆవిడ, "తగ్గి ఇంటికొచ్చాక పెడతానుగా" అని సగ్గుబియ్యం జావ చెంచాతో పట్టింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. మధ్యాహ్నానికి పోయారు.

ఆ రోజు నుంచి ఆవిడ కారం ముట్టలేదు. ఏడాదంతా మజ్జిగన్నమే. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, "ఒక్క ముద్దేగా అడిగింది, పెట్టకుండా పంపేశానే" అనేది. మేం ఎంత చెప్పినా వినేది కాదు. మనిషి సగమైపోయింది.

సంవత్సరీకానికి ముందురోజు వంటాయన వచ్చి ఫోటో ముందు నిలబడి ఆ ప్రశ్న అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే అత్తగారు లోపల్నుంచి వచ్చేసింది.

"కారం. కారం తప్ప ఆయనకి ఇంకేమీ అక్కర్లేదండీ. రేపు బాగా వెయ్యండి."

"వేస్త అక్కా. మిరియం మస్తుగ దంచి వేస్త."

"మిరియాలు ఎవరికి కావాలి? మిరపకాయ!"

"తద్దినానికి మిరపకాయ పనికిరాదక్కా."

"మీ శాస్త్రానికి పనికిరాకపోవచ్చు. మా ఆయనకి పనికొస్తుంది!"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఇంక వాదించలేదు. వెళ్తూ వెళ్తూ నాకు గిన్నెలు చూపించి, "పొద్దుగాల మంచిగ తోమి పెట్టు తల్లీ. నా చేతుల గిన్నె ఇప్పటిదాంక అడుగంటలే. బుద్ధి తెలిసినప్పటి సంది ఒక్కటంటే ఒక్కటి అంటలే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పొట్టిమనిషి కాస్త పొడుగైనట్టు అనిపించింది.

మర్నాడు వంట సగంలో ఉంది. నేను మడి కట్టుకుని వంటింటి వెనక వరండాలో రోలు దగ్గర అల్లం దంచుతున్నాను. తలుపు తెరిచే ఉంది, లోపలిది నాకంతా కనిపిస్తోంది. వంటాయన పంపు దగ్గర కాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మా అత్తగారు చుట్టూ చూసింది. నడుము దగ్గర దోపుకున్న కాగితం పొట్లం విప్పింది. పొయ్యి మీద అరటికాయ కూరలో ఎర్రటి కారం గుప్పెడు వేసి, గరిటెతో గబగబా కలిపేసింది.

రోకలి నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. అరవాలా? ఊరుకోవాలా? ఆవిడ నన్ను చూసింది. తప్పు చేసిన చిన్నపిల్ల చూపు కాదది. ముద్ద పెట్టేసిన తల్లి చూపు. ఊరుకున్నాను.

వంటాయన తిరిగొచ్చి, అలవాటు ప్రకారం కూర ఆవిరిలో ఎడమకన్ను పెట్టాడు. తేలు కుట్టినట్టు వెనక్కి జరిగాడు. తర్వాత చాలా రోజులకు నాకు చెప్పాడు, మిరియం కంటిని తడుపుతుందిట, మిరపకాయ కంటిని కొడుతుందిట, రెంటికీ తేడా ఆయన కన్నుకు తెలియకుండా పోదుట. కన్ను తుడుచుకుని అత్తగారి వైపు చూశాడు. ఆవిడ వేళ్ళకు ఇంకా ఎరుపు ఉంది. కొంగులో దాచుకుంది.

హాల్లోంచి శాస్త్రిగారు, కార్యం చేయిస్తున్న పురోహితుడు, కేక వేశారు. "ఏమయ్యా, అయిందా? భోక్తలు కూర్చుని ఉన్నారు."

పితరుల పేరు మీద పీటల మీద కూర్చుని భోజనం చేసే ఇద్దరు బ్రాహ్మణులను భోక్తలంటారు. ఈ కూర వాళ్ళ విస్తట్లోకి వెళ్ళకూడదు. ఒక్క మాట చెబితే చాలు, పదిమంది బంధువుల ముందు మా అత్తగారి పరువు పోతుంది, మా ఆయన పెట్టిన తద్దినం చెడిందని ఊరంతా అంటారు.

వంటాయన గిన్నె దించేశాడు. గొంతెత్తి, "అయ్యో! అడుగంటిచ్చిన శాస్త్రులుగారూ! నాదే తప్పు. కూర మళ్ళ చేస్త, జర ఆగుండ్రి" అన్నాడు.

"అడుగంటించావా? నువ్వా?" అంటూ శాస్త్రిగారు గుమ్మం దాకా వచ్చారు. "కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా? వయసు మీద పడింది, ఇంక గరిటె కింద పెట్టెయ్యి."

"అవును. వయసయింది," అన్నాడు వంటాయన, తల వంచుకుని.

శాస్త్రిగారు వెళ్ళాక ఆ కూర పారబోసి, పంపు కింద నెత్తిన నీళ్ళు పోసుకుని, తడిబట్టతో మళ్ళీ వచ్చాడు. మా అత్తగారు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన తిట్టలేదు. మెల్లిగా అడిగాడు.

"ఎందుకక్కా?"

ఆవిడ చెప్పింది. ఆసుపత్రి, సగ్గుబియ్యం జావ, గోడవైపు తిరిగిన మొహం. నాకు వినిపించేంత మెల్లిగానే చెప్పింది. ఆయన కంద ముక్కలు తరుగుతూ విన్నాడు. విని అన్నాడు:

"నేను చదువుకోలేదక్కా. నారాయణగూడల ఒక పెద్దాయన ఇంట్ల పన్నెండేండ్లు వండిన. సంస్కృతం పంతులు. ఆయన చెప్పిండు నాకు. కారం అనే మాట క్షారంల నుంచి వచ్చిందట. క్షారమంటే ఏందో ఎర్కనా? బూడిద నీళ్ళు. బట్టలుతికే చవుడు. చేతికి తగిలితే తోలును కొరుకుతది సూడు, గది. నాలికె మీద గట్ల కొరికెదానికి గూడ మనోళ్ళు గదే పేరు పెట్టిండ్రు. అప్పటికి మిరపకాయ మన దేశంల లేనే లేదు. అది ఎన్కాల ఓడల మీద వచ్చింది. వచ్చి, మిరియం పేరును జర మార్చి పెట్టుకోని మనింట్ల కూసున్నది. అంతకు ముందు కారమంటే మిరియం, పిప్పలి, అల్లం. ఇయ్యాల మీ ఆయన ఒక్కడే రాడక్కా. తండ్రిని, తాతను వెంట పెట్టుకోని వస్తడు. ఆ పెద్దోళ్ళు ఎరిగిన కారం పెడదాం."

మా అత్తగారు ముక్కు తుడుచుకుంది. "మా మామగారు, అదే ఆయన నాన్న, ఎండుమిరపకాయ ఉత్తదే కొరుక్కుని తినేవారండీ," అంది.

ఆయన కంద తరగడం ఆపాడు. "మీ గుంటూరోళ్ళతోని వాదిస్తే నేనే ఓడిపోత," అని నవ్వేశాడు. ఆ ఏడాదిలో మొదటిసారి మా అత్తగారి పెదవి కదిలింది. అప్పుడు ఆయన నా దగ్గరున్న రోలు చూపించాడు. "మాటలతోని అయ్యే పని కాదిది. రాండ్రి. మీరే దంచుండ్రి."

ఆవిడ రోలు ముందు కూర్చుంది. ఆయన సంచిలోంచి మిరియాలూ పిప్పళ్ళూ తీసి వేశాడు. నేను అల్లం అందించాను. ఆవిడ దంచింది. మోకాళ్ళ నొప్పులని నాలుగడుగులు వెయ్యని మనిషి, రోకలి ఎత్తి ఎత్తి దంచింది. తుమ్ములు వస్తే పక్కకు తిరిగి తుమ్మి, మళ్ళీ దంచింది.

"చూడుండ్రి ఇగ. నోటితోని కాదు. కంటితోని."

ఆవిడ రోలు మీదికి వంగి కన్ను పెట్టింది.

"సరిపోయెనా?"

"చాలదు. ఆయనకి చాలదు."

ఇంకో గుప్పెడు వేశాడు. మళ్ళీ దంచింది. మళ్ళీ కన్ను పెట్టింది. "చాలదు." మూడోసారి వంగినప్పుడు కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి, చీర మీద పడుతున్నాయి. తల ఎత్తలేదు. వంటాయన రోలు ఇవతలికి జరిపి, "చాలక్కా. ఇంతకన్న వేస్తే ఆయన లేచి కూసుంటడు" అన్నాడు.

ఆ కంద కూర భోక్తలకు వడ్డించినప్పుడు నేను తలుపు వెనక అత్తగారి పక్కనే ఉన్నాను. పితరుల పీట మీద కూర్చున్నది కాస్త లావుపాటి ఆయన. మొదటి ముద్దకు ఆగిపోయాడు. రెండో ముద్దకు నుదుటి మీద చెమట. ముక్కు కారింది. ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, ఎడమచేత్తో నీళ్ళగ్లాసు అందుకుని తాగి, విస్తరి వైపు చూపించాడు. "ఆ కూర ఇంకొంచెం," అన్నాడు.

భోజనం అయ్యాక కర్త భోక్తను అడగాలి, తృప్తి అయిందా అని. మా ఆయన చేతులు జోడించి అడిగాడు. భోక్త ఇంకా గసపోసుకుంటూ, "తృప్తి నాయనా, తృప్తి," అన్నాడు. ఆ మాట ఆనవాయితీగా అందరూ అనేదే. మా అత్తగారు మాత్రం తలుపు చాటు నుంచే ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఆ రోజు ఆవిడ కంద కూరతో అన్నం తిన్నది. వంటాయన గుమ్మం దగ్గర నిలబడి, "ఎట్లున్నదక్కా?" అన్నాడు.

"మండుతోంది తమ్ముడూ," అంది ఆవిడ. తమ్ముడూ అనడం అప్పుడే మొదలు. మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి ఆవకాయ జాడీ మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పి ఉంది.

శాస్త్రిగారు ఊరుకోలేదు. వంటాయన గిన్నె మాడ్చాడన్న సంగతి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పారు. రెండు మూడు ఇళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. నాకు ప్రాణం ఒప్పక ఒకసారి ఆయనతోనే అన్నాను, "జరిగింది చెప్పేయచ్చు కదా, మేమేమీ అనుకోం" అని.

"ఏమని చెప్పాలె తల్లీ? ఒక ఆడమనిషి మొగనికి ముద్ద పెట్టిందని చెప్పాల్నా? గది తప్పా? గిన్నెదేమున్నది. తోముకుంటే పోతది."

తర్వాత తర్వాత ఆయన తద్దినాలు లేని రోజుల్లో కూడా వచ్చేవాడు. గేటు దగ్గర్నుంచే, "అక్కా! ఇయ్యాల ఎవ్వరి తిథి లేదు. జర మీ గుంటూరు మంట పెట్టుండ్రి!" అని కేక. జీవితమంతా మిరపకాయ లేని వంట వండిన మనిషికి మిరపకాయ మీద అంత ప్రేమ. వేడన్నంలో ఆవకాయ కలుపుకుని, చెవులు ఎర్రబడేలా తినేవాడు. బట్టతల మీద చెమట తువ్వాలుతో తుడుచుకుంటూ, "మీ ఆంధ్రోళ్ళ నోట్ల ఉన్నది నాలికె కాదక్కా, చెప్పుల తోలు" అనేవాడు.

"పోవయ్యా, మీ ఆవిడ పంపిన పచ్చిమిరప తొక్కు తిని నేను రెండు రోజులు మాట్లాడలేదు," అనేది అత్తగారు.

"గదొక్కటి మీ కోడలుకు మేలు చేసిన!"

ఒకసారి బయట రోడ్డు మీద ఊరేగింపు వెళ్తుంటే, ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగాడు. "రాష్ట్రం వస్తే మీరు పోతరా అక్కా?"

"నీ మిరియాలు వదిలి ఎక్కడికి పోతానయ్యా? అన్నం తిను," అంది ఆవిడ.

ముందు ఆయనే పోయాడు.

డబ్బా తెచ్చాక ఏడాది కావస్తుండగా, ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు. వంటాయన కోడలు.

"మా మామయ్య సంవత్సరీకం ఎల్లుండి పెద్దమ్మా," అంది మా అత్తగారితో. "వంటకు ఎవ్వరు దొరకలే. నేనే చేస్తున్న. ఒక్క మాట అడుగుదామని వచ్చిన." చెప్పడానికి సిగ్గుపడింది. "మామయ్య ఎప్పుడు చూసినా ఊరోళ్ళ ఇండ్లల్ల వంటకు పోయేటోడు. ఇంట్ల మాపటికి ఇంత పెరుగన్నం తిని పండుకునేటోడు. అత్తమ్మ పోయి మూడేండ్లాయె. ఆయనకు ఏమిష్టముండెనో మాకు సక్కగ తెల్వదు. మీ ఇంట్ల తింటుండె అని విన్న."

అత్తగారు నా వైపు చూసింది. ఆ ప్రశ్న మా ఇద్దరికీ తెలిసిన ప్రశ్న.

"కారం," అంది అత్తగారు.

అమ్మాయి మొహం చిన్నబోయింది. "మరి మిరపకాయ వెయ్యొద్దంట గదా?"

"వెయ్యొద్దు. ఆయన ఒప్పుకోడు," అంది అత్తగారు. లోపలికెళ్ళి ఆ బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "ఎల్లుండి మేం వస్తాం."

సంవత్సరీకం నాడు ఇద్దరం ఆటోలో అశోక్‌నగర్ వెళ్ళాం. పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్ళ మధ్య సన్నటి మెట్లు, మేడ మీద రెండు గదులు. మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఆవిడ ఎక్కింది. మేం మడిలో లేం కాబట్టి వంటింట్లోకి వెళ్ళకూడదు. గుమ్మం ఇవతల స్టూలు వేసుకుని కూర్చుంది. గోడకు మేకు మీద గుడ్డసంచి ఇంకా వేలాడుతోంది.

"ముందు మిరియాలు నీళ్ళలో వేసి చూడమ్మా. తేలేవి తీసెయ్యి. ఆరబెట్టి, పిప్పళ్ళు కలుపు. అల్లం ఆఖరున. ఇప్పుడు దంచు. రుచి చూడకూడదు, తెలుసుగా?"

"మరెట్ల తెలుస్తది పెద్దమ్మా?"

"చెప్తాను, దంచు."

ఆ అమ్మాయి దంచింది. తడిజుట్టు మొహం మీద పడుతోంది, పక్కకు తిరిగి తుమ్ముతోంది. కాసేపటికి రోలు జరుపుకుంటూ గుమ్మం దాకా తెచ్చి, మాకు తగలకుండా అవతలే ఉంచింది. అత్తగారు స్టూలు మీంచి ముందుకు వంగి, దాని మీద కన్ను పెట్టింది. పెట్టి, అట్లాగే కాసేపు ఉండి, వెనక్కి జరిగింది.

"నా కన్ను ఇవాళ పనికిరాదమ్మా. మెట్లెక్కినప్పటి నుంచి తడిగానే ఉంది. నువ్వే చూసుకో."

ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టు వెనక్కి తోసుకుని, రోలు మీదికి వంగింది. ఎడమకన్ను పెద్దగా తెరిచింది. ఊపిరి బిగబట్టింది. మేమిద్దరం కూడా బిగబట్టాం.

"చాలదు పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి. డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తీసి రోట్లో వేసింది.